రాత్రికి మాత్రమే అనుమతి

1936లో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ తన బలగంలోంచి 136 మందిని తీసి కాలిఫోర్నియా రాష్ట్ర సరిహద్దులకు పంపాడు. ఓక్లహోమా, టెక్సస్, ఆర్కన్సా నుంచి కరవూ అప్పులూ తరిమితే పాత కార్ల మీద పరుపులూ గిన్నెలూ కట్టుకుని వస్తున్న కుటుంబాలలో, చేతిలో డబ్బు లేనివాళ్లను వెనక్కి తిప్పడం వాళ్ల పని. వందల మైళ్ల అవతలి సరిహద్దు మీద ఒక నగర పోలీసుకు పెత్తనమేమిటన్న విమర్శలు రావడంతో ఆ కాపలా కొద్ది వారాలే సాగింది. బీదవాళ్లను రాష్ట్రంలోకి తేవడమే నేరమనే చట్టం మాత్రం 1941 వరకూ నిలిచింది. టెక్సస్ నుంచి బావమరిదిని కారులో తెచ్చుకున్నందుకు శిక్షపడిన ఎడ్వర్డ్స్ అనే అతని కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇల్లు లేని కుటుంబాలు కారులోనే రాత్రి గడిపేందుకు అక్కడి నగరాలు ఇప్పుడు కల్పిస్తున్న 'సేఫ్ పార్కింగ్' కథను సాధారణంగా 2004 నుంచి చెబుతారు. నేను 1936 నుంచి మొదలుపెట్టడానికి కారణం డేవిస్ ఒక్కడే కాదు. అదే ఏడాది బేకర్స్‌ఫీల్డ్ సమీపంలోని ఆర్విన్ దగ్గర కేంద్ర ప్రభుత్వం వలస కూలీల కోసం ఒక శిబిరం నడిపింది. గుడారాలు వేసుకోవడానికి చోటు, మంచినీళ్లు, స్నానాల గదులు, బట్టలు ఉతుక్కునే తొట్లు ఉండేవి. శిబిరం కట్టుబాట్లు చూసుకునే కమిటీలను అక్కడివాళ్లే ఎన్నుకునేవారు. పగలు పనికి వెళ్లినవాళ్లు సాయంత్రం తిరిగొచ్చేసరికి గుడారం ఉన్నచోటే ఉండేది. మేనేజరు టామ్ కాలిన్స్ రాసిన నివేదికలు జాన్ స్టైన్‌బెక్‌కు ముడిసరుకయ్యాయి. 1939లో వచ్చిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' అంకితంలో టామ్ పేరూ ఉంది. అన్నీ మంచి శిబిరాలే అని కాదు, వచ్చినవాళ్లందరికీ అవి చాలనూ లేదు. అయినా కారులో వచ్చిన కుటుంబానికి నేల, నీరు, మాట చెల్లే అవకాశం మూడూ ఇవ్వాలని ఒక ప్రభుత్వం అనుకున్న రోజులవి.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీల్లో పనులు దొరికాయి, శిబిరాల అవసరం తగ్గింది. ఆ ఆలోచనా వాటితోనే పోయింది.

చట్టం ఇంకో దారిలో నడిచింది. ఊరికే తిరుగుతున్నాడన్న నెపంతో ఎవరినైనా పట్టుకోవడానికి వీలిచ్చే దేశదిమ్మరి చట్టాలు అమెరికా నగరాల్లో చాలాకాలం ఉన్నాయి. జాక్సన్‌విల్ నగరం తెచ్చిన అలాంటి నిబంధనను 1972లో సుప్రీంకోర్టు అస్పష్టమైనదని రద్దు చేసింది. మనిషి స్థితిని నేరమనడం కుదరకపోయేసరికి నగరాలు పనులను నేరమనడం మొదలుపెట్టాయి: బయట పడుకోవడం, గుడారం వేయడం, కారులో కాపురం ఉండడం. వాహనాన్ని నివాసంగా వాడకూడదని లాస్ ఏంజెలెస్ 1983లో నిబంధన తెచ్చింది. నాలుగేళ్ల తర్వాత, ఇల్లు లేనివారి సహాయానికి 1987లో మెకిన్నీ చట్టం వచ్చింది. కారులో పడుకునేవారు ఇల్లు లేనివారేనని కేంద్రం ఒప్పుకుంటే, నగరం వాళ్లకే చలానా రాస్తుంది. ఈ వైరుధ్యంలోంచే పార్కింగ్ లాట్ ఆలోచన పుట్టింది.

ఒరెగాన్‌లోని యూజీన్ నగరం 1990ల చివర్లోనే చర్చిల ఆవరణల్లో కొద్ది వాహనాలకు రాత్రి అనుమతి ఇచ్చింది. కానీ తక్కిన నగరాలు నమూనాగా తీసుకున్నది కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాను. సంపన్నుల సముద్రతీర పట్టణం అది, అద్దెలు ఆకాశంలో. ఆర్వీలను, అంటే లోపలే నివాస వసతులుండే పెద్ద వాహనాలను, వీధుల్లో నిలపకూడదన్న నగర నిబంధనపై వాటిలో ఉండేవాళ్లు కోర్టుకెక్కారు. 2004లో అక్కడ న్యూ బిగినింగ్స్ అనే కౌన్సెలింగ్ సంస్థ చర్చిలతో, నగర, కౌంటీ ప్రభుత్వాలతో మాట్లాడి రాత్రిపూట ఖాళీగా ఉండే పార్కింగ్ స్థలాలను అడిగి తీసుకుంది. ఒకే పెద్ద మైదానం కాకుండా ఊరంతటా చెదరగొట్టి, ఒక్కోచోట కొద్ది కార్లకే చోటివ్వడంలో దాని తెలివి ఉంది. లాట్ల చిరునామాలు బయటపెట్టరు, కాబట్టి చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలూ తక్కువే. లైసెన్సు, బీమా కాగితాలు చూపి పేరు నమోదు చేసుకోవాలి. పొయ్యి వెలిగించకూడదు, మద్యం ముట్టకూడదు. సాయంత్రం వచ్చి పొద్దున్నే, ఆఫీసుకో చర్చికో జనం రాకముందే కదిలిపోవాలి. బీమా గడువు తీరిపోయినవాళ్లకూ, కారు చెడిపోయినవాళ్లకూ, అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లకూ సంస్థ మనిషి సాయం చేస్తారు. ఈ పద్ధతిపై వాళ్లు వేసిన చేతిపుస్తకం తర్వాత చాలా నగరాలకు చేరింది.

పిల్లలున్నవాళ్లు షెల్టర్‌కు వెళ్లకుండా కారునే ఎందుకు పట్టుకుని ఉంటారని మనకు అనిపించవచ్చు. చాలా షెల్టర్లలో ఆడవాళ్లకు ఒకచోటు, మగవాళ్లకు ఒకచోటు. ఎదిగిన కొడుకును తల్లితో ఉండనివ్వని చోట్లున్నాయి. కుక్కను తెచ్చుకోవద్దంటారు. కారులోనైతే నలుగురూ ఒక్కచోటే ఉంటారు, తలుపుకు తాళం ఉంటుంది, పొద్దున బడికీ పనికీ అదే బండి. చలానాలు పేరుకుని ఆ బండిని టోయింగ్ వాళ్లు లాక్కుపోయారంటే ఇల్లూ ఉద్యోగమూ ఒకేసారి పోయినట్టే. 2008 మాంద్యం తర్వాత ఇలాంటి కుటుంబాలు పెరిగాయి. శాన్ డియేగోలో 2010లో డ్రీమ్స్ ఫర్ చేంజ్ సంస్థ లాట్లు తెరిచింది. సియాటిల్ పక్కనున్న కర్క్‌లాండ్‌లో ఒక మెథడిస్టు చర్చి 2011 నుంచి ప్రత్యేకంగా ఆడవాళ్లకూ కుటుంబాలకూ చోటిస్తోంది.

2014 జూన్‌లో డెజర్ట్‌రెయిన్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు 1983 నాటి లాస్ ఏంజెలెస్ నిబంధనను కొట్టేసింది. సామాన్లు నింపుకుని విహారయాత్రకు వెళ్లేవాడికీ, కారులో బతికేవాడికీ తేడా చెప్పలేని చట్టం చెల్లదంది. ఆ ఏడాది చివర్లో కాలిఫోర్నియాలోనే పాలో ఆల్టో నగరం కారులో కాపురంపై తన నిషేధాన్ని వెనక్కి తీసుకుంది. అయితే నగరాలు ఊరుకోలేదు. శాన్ డియేగో 2019 ఫిబ్రవరిలో పాత నిషేధం తీసేసి మే నెలకల్లా కొత్తది తెచ్చింది: రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వీధుల్లో కారులో ఉండకూడదు, కేటాయించిన లాట్లలో తప్ప. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు ఇదే. ధర్మకార్యంగా మొదలైన లాట్ అప్పటి నుంచి నిషేధానికి ఊతకర్ర అయింది. వెళ్లడానికి చోటు చూపించాం కదా అని నగరం కోర్టులో చెప్పుకోవచ్చు. ఆ చోట్లు ఎన్ని అన్నది వేరే లెక్క. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ కౌంటీలో వాహనాల్లో ఉంటున్నవారు 16 వేలకు పైనే.

తెలుగు ఇంజినీర్లు బోలెడుమంది కాపురముంటున్న సిలికాన్ వ్యాలీలోనూ ఈ తగవు ఉంది. గూగుల్ కేంద్ర కార్యాలయమున్న మౌంటెన్ వ్యూలో, ఇరుకు వీధుల్లో ఆర్వీలు నిలపకూడదన్న నిబంధనను 2020 నవంబరులో ఓటర్లే ఆమోదించారు. కచేరీలు జరిగే షోర్‌లైన్ ఆంఫిథియేటర్ పార్కింగ్ లాట్‌ను నగరం సేఫ్ పార్కింగ్‌కు వాడింది.

ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రం 2020లో కొంచెం ముందుకెళ్లింది. మరుగుదొడ్డి వసతి ఉంటే, మత సంస్థలు ప్రతి పది పార్కింగ్ స్థలాలకు కనీసం ఒక కారుకు చోటిస్తామన్నప్పుడు నగరాలు అడ్డుపడకూడదంది. మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సియాటిల్‌లో ఒకతని ట్రక్కును నివాసంగా గుర్తించి, దాన్ని లాక్కుపోయినందుకు వేసిన ఖర్చులు శ్రుతిమించాయని తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలు తమ విద్యార్థులను రాత్రి కార్లలో ఉండనివ్వాలన్న బిల్లు 2019లో ఆగిపోయింది. లాంగ్ బీచ్ సిటీ కాలేజీ మాత్రం 2021లో తనంతట తానే మొదలుపెట్టింది.

2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, షెల్టర్లలో చోటు లేకపోయినా బయట పడుకున్నవారిని శిక్షించడం రాజ్యాంగ విరుద్ధం కాదని 6-3తో తేల్చింది. లాట్లు తెరవాలని నగరాల మీద ఉన్న కోర్టుల ఒత్తిడి దీంతో సడలింది. తెరిచిన లాట్ల సంగతీ గమనించాలి. జనవరిలో ఇల్లు లేనివారిని లెక్కపెట్టేటప్పుడు, పేరు నమోదు చేసుకుని, కాపలా ఉన్న లాట్‌లో, అనుమతితో పడుకున్న కుటుంబాన్ని కేంద్ర గృహనిర్మాణ శాఖ లెక్కల్లో 'ఆశ్రయం లేనివారు' అన్న గడిలోనే రాస్తారు.