సుగ్గికి పోయిన తూకం

దీపావళి దాటితే కోసిగిలో తలుపులకు తాళాలు పడతాయి. వానలు మొండికేసిన ఏడు ఇంకా ముందే. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీయను, బెంగళూరుకు కట్టడం పనులకు జనం కదులుతారు. సుగ్గికి పోవడమంటారు ఈ పక్క. బడి పిల్లలను అవ్వ దగ్గర వదలొచ్చు. పాలు తాగే బిడ్డను ఎట్ల వదిలేది? వాడూ మూటల మధ్యన కూర్చుని పోతాడు. అంగన్‌వాడీలో వాడి బరువు కార్డు మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది.

ఆ కార్డు వెనక ఒక పెద్ద మాట ఉండేది. 1978 సెప్టెంబరులో ఆల్మా-అటాలో 134 దేశాల ప్రతినిధులు కూడి, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్నారు. ప్రాథమిక వైద్యమంటే మందుబిళ్ల ఒక్కటే కాదు, తిండీ మంచినీళ్లూ అందులోవే అన్నారు. ఆ మాటను భుజాన మోసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి హాఫ్‌డన్ మాలర్ డెన్మార్క్ మనిషి. అంతకుముందు క్షయ పని మీద మన దేశంలోనే ఏళ్ల తరబడి తిరిగినవాడు.

ఏడాది తిరిగిందో లేదో, మాట చిక్కిపోవడం మొదలైంది. అన్నీ చేయాలంటే డబ్బు చాలదు, కొన్నే ఎంచుకుందామని 1979లో వాల్ష్, వారెన్ అనే పరిశోధకులు రాశారు. తర్వాత యూనిసెఫ్ నాలుగు పనులను ముందుకు తెచ్చింది: బరువు చూడటం, ఓఆర్‌ఎస్, తల్లిపాలు, టీకాలు. వాటితో ఎన్నో ప్రాణాలు నిలిచాయి, కాదనను. కానీ నీళ్లు, తిండి, కూలి, అంటే మనిషిని సుగ్గికి తరిమేవన్నీ, పక్కకు జరిగిపోయాయి.

తూకం మిగిలింది. దూలానికి వేలాడే త్రాసు, కింద గుడ్డ ఉయ్యాల. బిడ్డ కాళ్లు తన్నేకొద్దీ ముల్లు ఎగిరెగిరి పడుతుంది. అది నిలిచేదాకా ఆగితే తూకం. ఆగకపోతే ఒట్టి అంకె. రిజిస్టరులో రెండూ ఒకటే.

ఊపిరి లెక్క కూడా అంతే. దగ్గుతో వచ్చిన బిడ్డ చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం రొమ్ము చూస్తూ లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపువాడికి 50, ఆపైన ఐదేళ్ల దాకా 40 తాకితే న్యుమోనియా అనుమానం. యంత్రమేమీ అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. పసిపిల్లల వైద్యం ఎట్లుందో తేల్చమని నన్నడిగితే బీరువాలో మందులు లెక్కపెట్టను. ఆ నిమిషం సేపు బిడ్డ ముందు ఎవరైనా కూర్చున్నారా అని చూస్తాను. బయట వరస పెరిగితే మొదట పోయేది ఆ నిమిషమే.



ఉగాదికి జనం తిరిగొస్తారు. బిడ్డను మళ్లీ ఉయ్యాలలో వేస్తారు. కార్డులో కార్తీకంనాటి చుక్క, తర్వాత నాలుగు ఖాళీ గళ్లు, ఇంకాస్త కిందుగా ఈనాటి చుక్క. టీచరమ్మ స్కేలు ఆనించి, ఖాళీ గళ్ల మీదుగా రెంటినీ కలుపుతూ తిన్నగా ఒక గీత గీస్తుంది.