అద్దెయిల్లు – అప్పుపత్రము



మా మేనమామ తాలూకా పట్టణమున రెండు పెంకుటిండ్లు కట్టించి అద్దెకిచ్చెను. స్థలము తాతలనాటిది. కలపకును సున్నమునకును కూలికిని వలసిన సొమ్మును ప్రామిసరీ నోటు వ్రాసి తెచ్చెను. నెలనెలా వచ్చు అద్దె వడ్డీకి సరిపోయి యింకను కొంత మిగులుచుండెను. చూచినవారందఱు ఆయన గడుసుదనమును మెచ్చుకొనిరి. ఇంతలో మూడవయేడు నిండవచ్చెను. నోటునకు మూడేండ్లలో కాలదోషము పట్టునని మీరెఱుగనిది కాదు. షావుకారు తిరుగవ్రాయించుకొనుట కిష్టపడక, అసలు మొత్తమును ఒక్కమాఱుగా నడిగెను. ఇండ్లు నిలిచియున్నవి, అద్దెలు వచ్చుచున్నవి, చేతిలో రొక్కము మాత్రము లేదు.

ఆ ముచ్చట తుదిని చెప్పెదను. ఇట్టి చిక్కే యొకప్పుడు అమెరికా దేశమునంతటిని పట్టి కుదిపినది.

1929కి ముందటి పదేండ్లలో అచ్చట ఇండ్లు విరివిగా లేచెను. నెలవాయిదాల మీద అప్పిచ్చు సంఘములు లేకపోలేదు గాని, బ్యాంకులిచ్చిన అప్పులు పెక్కు మా మామ నోటువంటివే. ఇంటి విలువలో ఇంచుమించు సగము అప్పు. గడువు మూడు మొదలు ఐదేండ్లు. అంతవఱకు వడ్డీ మాత్రమే. సగము చాలనివారు హెచ్చు వడ్డీకి రెండవ తనఖా పెట్టుచుండిరి. గడువు తీరినపుడు పత్రము తిరుగవ్రాయించుకొనుటయే వాడుక. ఆ వాడుకను జనులు హక్కని భ్రమపడిరి.

నేను కల్పించిన లెక్క యొకటి వినుడు. పదివేల డాలర్ల యిల్లు, రెండు వాటాలు. యజమాని యొక వాటాలో కాపురముండి, రెండవదానిని నెలకు 50 డాలర్ల కిచ్చెను. అప్పు 5,000, వడ్డీ నూటికి ఆఱు చొప్పున నెలకు 25. మిగిలిన 25లో పన్ను, కప్పు మరమ్మతు, వాటా ఖాళీగా నున్న నెలల లోటు గడచిపోవును. ఇల్లు తన్ను తానే పోషించుకొనుచున్నదని యాయన సంతోషము.

1929లో షేర్ల ధరలు కూలెను. అద్దెకున్నవాని పని పోయెను. అద్దె 30కి దిగెను. అదే యేట గడువు తీరినదనుకొనుడు. బ్యాంకుకే రొక్కము కఱవైనది, తిరుగవ్రాయదు. అమ్ముదమన్న, పదివేల యింటిని అప్పు తీఱునంత ధరకైనను అడుగువాడు లేడు. 1933 నాటికి ఆ దేశమున దినమునకు ఇంచుమించు వేయి యిండ్లు అప్పులవారి పాలగుచుండెను. వారిలో దుబారా మనుషులును ఉండిరి కాబోలు. నా మట్టుకు నాకు, పెక్కుమంది ఇంటివలన గాక గడువువలన చెడిరని తోచుచున్నది. నూఱేండ్లు నిలుచు వస్తువునకు మూడేండ్ల యప్పు!

1933 జూన్‌లో ప్రభుత్వము గృహఋణ సంస్థ నొకదానిని స్థాపించెను. నాలుగు కాపురములకు మించని యిండ్లకే, యజమానికి నివాసమైనవానికే అది వర్తించెను. బ్యాంకులకు బాండ్లిచ్చి పాత తనఖాలను తాను తీసికొని, నూటికి ఐదు వడ్డీతో పదునైదేండ్ల నెలవాయిదాలు కట్టెను. పదిలక్షలకు పైగా కుటుంబములకు, ఇంచుమించు మూడువందల కోట్ల డాలర్లు. మన లెక్కలోని 5,000కు నెలకు రమారమి 39½ డాలర్లు. మొదటి నెలలో అందు సుమారు 21 వడ్డీ, తక్కినది అసలులో చెల్లు.

ఇచట నొక మెలిక యున్నది. 25 కట్టినవాడు ఇపుడు 39½ కట్టవలెను. గడువు భయము తొలగినది గాని నెలభారము పెరిగినది. 30 అద్దె వచ్చువాడు చేతిది వేయవలసినదే. ఆ సంస్థయు రమారమి రెండులక్షల యిండ్లను తుదకు స్వాధీనపఱచుకొనవలసి వచ్చెను. 1939లో గడువును ఇరువదియైదేండ్ల వఱకు పెంచుట కనుమతి దొరకెను. 1951లో సంస్థ లెక్కలు ముగియునప్పటికి స్వల్పముగా మిగులే తేలినది. 1934లో ఏర్పడిన మఱియొక ప్రభుత్వ శాఖ అప్పులకు భీమా నిచ్చి దీర్ఘకాలపు వాయిదాలను దేశమంతట వ్యాపింపజేసెను. నీగ్రోలుండు పేటలకు మాత్రము ఆ సదుపాయమును దూరము చేసెను. ఆ పాపము పెక్కేండ్లు సాగినది.

ఇక మా మామ మాట. ఆయన రెండిండ్లలో రోడ్డువైపు దానిని అయినకాడి కమ్మి అసలులో ముప్పాతిక తీర్చెను. తక్కిన పాతికకు ఏటేట నింతయని వాయిదాలు వ్రాయించుకొనెను. అప్పటినుండి అద్దె చేత పడగానే మూడు పొట్లములు కట్టుచుండెను: ఒకటి వాయిదాకు, ఒకటి పెంకు నేతకు, ఒకటి ఇల్లు ఖాళీపడు నెలలకు. మూడవ పొట్లమును అత్తయ్య అడిగినను విప్పలేదు. ఆఱేండ్లకు నోటు చెల్లువ్రాసి తిరిగివచ్చినది.