ఎండ్రకాయ కంటిలోని నల్లరేణువులు

చంద్రగిరి పరిసరములందలి వరిమళ్ల గట్లలోను, కాలువల ఒడ్డులలోను బొరియలు చేసికొని జీవించు ఎండ్రకాయను ఎరుగని విద్యార్థి ఉండడు. కోస్తా జిల్లాలవారు దీనినే పీత యందురు. దాని కన్నులు మన కన్నులవలె గుంటలలో అమరియుండక, రెండు చిన్న కాడల చివర నిలిచియుండును. ఈ కాడకు నేత్రవృంతమని పేరు. మన కంటిపాప ఎండలో ముడుచుకొని, చీకటిలో విప్పుకొని, లోనికి పోవు వెలుగును సరిపెట్టుచుండును. ఎండ్రకాయకు, రొయ్యకు, కీటకములకు అట్టి కంటిపాప లేదు. అవి వెలుగును అదుపుచేయునది కంటి కణములలో నటునిటు కదలు నల్లని రేణువుల చేత. ఈ రేణువులను కదలించు ఆజ్ఞ ఎక్కడనుండి వచ్చునను ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

కప్ప కన్ను

ఈ చరిత్ర ఎండ్రకాయతో గాక కప్పతో ఆరంభమైనది. కప్ప నేత్రపటలములోని ఎరుపురంగు వెలుగు సోకగనే వెలిసిపోవునని 1876లో ఫ్రాంజ్ బోల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఆ పరిశోధనను కొనసాగించుచు ఆయనయు, హైడెల్‌బర్గులోని విల్లీ క్యూనేయు మరియొక వింతను గమనించిరి. చీకటిలో నుంచిన కప్ప కంటినుండి నేత్రపటలము సులభముగా ఊడివచ్చును. వెలుగులో నుంచిన కప్ప కంటిలో అది వెనుకనున్న నల్లని కణముల పొరను అంటిపెట్టుకొని యుండును. కారణమేమన, ఆ నల్లని కణములనుండి సన్నని పోగులు కాంతిగ్రాహక కణముల మధ్యకు చొచ్చియుండును. వెలుగు సోకినప్పుడు నల్లరేణువులు ఆ పోగులలోనికి చేరును. చీకటిపడగా వెనుకకు మరలును. కణము ఉన్నచోటనే యుండును. దానిలోని రేణువులే ప్రయాణము చేయును.

వేల కన్నుల కూర్పు

ఎండ్రకాయ, రొయ్య, కీటకముల కన్ను సంయుక్త నేత్రము. అనగా వందలు, వేలు చిన్నకన్నుల కూర్పు. ఒక్కొక్క చిన్నకంటికి పైన పారదర్శకమైన ముఖము, అడుగున కాంతిగ్రాహక కణములు ఉండును. చుట్టును నల్లని వర్ణకము గల కణములు కత్తికి ఒరవలె అమరియుండును. ఈ ఒర ప్రయోజనమును వియన్నాలోని సిగ్మండ్ ఎక్స్‌నరు 1891లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. రొయ్యలు, రాత్రి సంచరించు పురుగులు మొదలగువాని కంటిలో చీకటియందు పై కణముల వర్ణకము పైభాగమునకే చేరియుండును. అప్పుడు అనేకమైన చిన్నకన్నుల గుండా వచ్చిన వెలుగు ఒకేచోట కూడును. మసక వెలుతురులోను చూపు సాధ్యమగును. వెలుగునందు వర్ణకము క్రిందికి దిగి చిన్నకన్నుల మధ్య తెరవలె నిలుచును. అప్పుడు ఒక్కొక్క చిన్నకంటికి దాని ముఖమునుండి వచ్చిన వెలుగే అందును.

ఈ చలనమును బడిలో సూక్ష్మదర్శిని లేకయే చూడవచ్చును. సీతాకోకచిలుకకు బంధువై, రాత్రులందు దీపము చుట్టు తిరుగు పెద్దపురుగు నొకదానిని అరగంటసేపు చీకటిలో నుంచవలెను. తరువాత టార్చిదీపమును మన కంటి ప్రక్కనే పట్టుకొని దానివైపు చూచినచో, దాని కన్ను నిప్పుకణికవలె మెరయును. కొద్ది నిమిషములలో ఆ మెరపు అణగిపోవును. నల్లని తెర దిగినదని అర్థము.

కాని 1894లో కీసెల్ అను శాస్త్రజ్ఞునకు ఒక చిక్కు ఎదురైనది. అట్టి పురుగులను ఎడతెగని చీకటిలో నుంచినను, పగటివేళ కంటి మెరపు తగ్గుచు, రాత్రివేళ మరల కనిపించుచుండెను. 1930లో అమెరికాలో జాన్ వెల్ష్ కొన్ని మంచినీటి రొయ్యల కంటి వర్ణకములోను ఇట్టి రాత్రింబవళ్ల లయనే చూచెను. వెలుగే లేనప్పుడు, తెల్లవారినదని కంటికి చెప్పువారెవరు?

రక్తములోని ఆజ్ఞ

ఆజ్ఞ మెదడునుండి నాడుల ద్వారా వచ్చుచుండునని తలచుట సహజము. హార్వర్డు విశ్వవిద్యాలయపు జి. హెచ్. పార్కరు 1897లో దీనిని రొయ్యలలో పరీక్షించెను. కాంతిగ్రాహక కణములలోని రేణువులు మెదడుతో సంబంధము లేకయే వెలుగునకు కదలగలవని తేలెను. తరువాత 1920 దశకమున జర్మనీలో కోలరు ఒక రొయ్య రక్తమును మరియొక రొయ్యకు ఎక్కించి, దాని ఒంటిరంగును మార్చగలిగెను. 1928లో పెర్కిన్సు మరింత ముందుకు పోయెను. నాడులను తెంచినను రొయ్య ఒంటిరంగు మారుట ఆగలేదు. ఒక భాగమునకు రక్తము పోకుండ చేసినచో అచ్చట ఆగెను. నేత్రవృంతములనుండి తీసిన రసమును ఎక్కించినచో నల్లబడిన రొయ్య పాలిపోయెను.

1936లో లూయిస్ క్లైన్‌హోల్జ్ అట్టి రసమునే చీకటిలో నుంచిన రొయ్యలకు ఎక్కించెను. చుట్టును చీకటియే, అయినను కంటి పైభాగపు వర్ణకము వెలుగులో నున్నట్లు క్రిందికి దిగెను. కాంతిగ్రాహక కణములలోని రేణువులు మాత్రము కదలలేదు. కనుక ఒకే కంటిలో రెండు విధములైన ఏర్పాట్లు కలవు: లోపలి కణము వెలుగును తానే గ్రహించి కదలును, పై కణము రక్తములో వచ్చు హార్మోనునకు లోబడును.

ఈ హార్మోను నేత్రవృంతములోని సైనస్ గ్రంథినుండి వెలువడును. 1951-52 ప్రాంతమున పసానో, బ్లిస్ మొదలగువారు ఈ గ్రంథి నిజమునకు నాడీకణముల చివరలు గుమిగూడిన నిలువయిల్లు వంటిదని చూపిరి. ఒంటిరంగు, రక్తములోని చక్కెర, పెంకు విడుచుట మొదలగువానిని శాసించు హార్మోనులును అచ్చటనే కలవు. చంద్రగిరికి సమీపమున, తిరుపతిలో 1954లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆర్. రామమూర్తి, పి. శ్రీనివాసులు రెడ్డి మొదలగు జంతుశాస్త్రజ్ఞులు వరిమళ్ల ఎండ్రకాయనే పరిశోధనకు గైకొని, దాని నేత్రవృంతపు హార్మోను రక్తములోని చక్కెరను ఎట్లు శాసించునో పరిశీలించిరి. దాని శాస్త్రీయనామము ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ సెనెక్స్.

పదునెనిమిది పూసల గొలుసు

కంటి వర్ణకమును దించు హార్మోను నిర్మాణమును 1976లో స్వీడనుకు చెందిన ఫెర్న్‌లండ్ చలినీటి రొయ్యలనుండి తేల్చెను. అది 18 అమైనో ఆమ్లముల గొలుసు. 1985లో అమెరికాలోని వెస్ట్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున కె. రంగారావు, ఆయన సహచరులు ఒక జాతి సముద్రతీరపు పీతలో చర్మపు వర్ణకమును విస్తరింపజేయు హార్మోనును శుద్ధిచేసిరి. దానియందును 18 అమైనో ఆమ్లములే కలవు. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ పరిశోధకులలో క్లైన్‌హోల్జ్ కూడ ఒకడు. 1936నాటి ప్రయోగమునకు అప్పటికి 49 ఏండ్లు నిండినవి.

ఆజ్ఞ అందిన తరువాత రేణువును మోయునదేది? కణములో సన్నని నాళికలు, పోగులు పట్టాలవలె పరచియుండును. కొన్ని ప్రోటీనులు వానిపై అడుగులు వేయుచు బరువులను మోయును. ఈగ కంటిలో వెలుగు సోకిన కొద్ది సెకండులలోనే కాంతిగ్రాహక కణములలోని రేణువులు ఒకచోట చేరునని 1969లో కిర్ష్‌ఫెల్డ్, ఫ్రాన్సెస్చినీ చూపిరి. ఆ పని మయోసిన్-5 అను ప్రోటీనుదనియు, వెలుగు సోకినప్పుడు కణములోనికి వచ్చు కాల్షియము దానిని మేల్కొలుపుననియు 2008లో తెలిసినది. లోపలి కణమునకు బయటి ఆజ్ఞ ఎందుకు అక్కరలేదో దీనివలన విశదమగును.

చీకటిలోని గడియారము

ఇక మిగిలినది కీసెల్, వెల్ష్ చూచిన చిక్కు. రంగారావు బృందము శుద్ధిచేసిన హార్మోనును పోలిన పదార్థము కీటకముల మెదడులోను ఉన్నట్లు తరువాత కనుగొనిరి. పండ్లపై ముసురు చిన్న ఈగలో అది కాలమును లెక్కించు నాడీకణములలోనే కానవచ్చెను. ఆ పదార్థమును తయారుచేయలేని ఈగలను 1999లో టాగర్ట్, హాల్, రోస్‌బాష్ మొదలగువారు పరీక్షించిరి. ఎడతెగని చీకటిలో నుంచగా కొద్ది దినములలోనే వానిలో చాలవరకు నిద్ర, మెలకువల లయ చెదరిపోయెను. జీవగడియారముపై చేసిన కృషికి హాల్, రోస్‌బాష్‌లు మైకేల్ యంగుతో కలిసి 2017లో నోబెలు బహుమానమును పొందిరి.

పీతలలోను రొయ్యలలోను వర్ణకమును నడుపు వార్తాహరుల కుటుంబమునకు చెందిన పదార్థమే, ఈగ మెదడులో గడియారపు కణములు ఒకదానితో నొకటి పలుకు మాట. కంటి రేణువులకు ఆజ్ఞ ఎక్కడిదని అడిగినవారికి సమాధానము మూడు విధములుగా దొరకినది: కొన్నింటికి వెలుగే చెప్పును, కొన్నింటికి రక్తము చెప్పును, వెలుగు లేనప్పుడు శరీరములోని కాలము చెప్పును.