మూడో నంబరు జీవో: పోయింది ఉద్యోగాలేనా?

మొన్న వేసవి సెలవుల్లో మేము ముగ్గురం, ఏజెన్సీ బడుల్లో పనిచేసే కోయ టీచర్లం, హైదరాబాదు వెళ్లి మూసాపేటలో మా పాత విద్యార్థుల గదిలో రెండు రోజులు ఉన్నాం. మెట్రో స్టేషను దిగి సందుల్లోకి నడిస్తే మూడో అంతస్తులో చిన్న గది. అందులో నలుగురు కుర్రాళ్లు. ఇద్దరు హైటెక్ సిటీలో ఆఫీసు గేట్ల దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నారు. ఒకరు బండి మీద తిండి పొట్లాలు చేరవేస్తున్నారు. ఇంకొకరు పోటీ పరీక్షలకు చదువుతున్నారు. నలుగురిలో ముగ్గురు డీఎడ్ పూర్తిచేసినవాళ్లే. గోడకు యూనిఫాం వేలాడుతోంది, సర్టిఫికెట్లు మంచం కింద రేకు పెట్టెలో ఉన్నాయి.

రాత్రి అన్నాలు తిన్నాక ఒక కుర్రాడు అడిగాడు: "సార్, మీరు చదివిన చదువే మేమూ చదివాం. మీకు వచ్చిన ఉద్యోగం మాకెందుకు రాలేదు?"

ఆ ప్రశ్నకు జవాబు మూడో నంబరు జీవో చరిత్రలో ఉంది. ఆ రాత్రి వాళ్లకు చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఈ చరిత్ర జీవోతో మొదలు కాలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను ఆదిలాబాద్ అడవులకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. శిక్షణ పొందినవాళ్లు గూడేల్లో బడులు నడిపారు. పిల్లల భాష తెలిసినవాడే మొదటి గురువుగా ఉండాలన్న ఆలోచన మన ప్రాంతంలో అప్పుడే ఆచరణలోకి వచ్చింది.

తర్వాత బడులు పెరిగాయి గానీ ఆ ఆలోచన వెనకబడింది. మైదానం నుంచి వచ్చిన టీచర్లలో చాలామంది గూడెంలో ఉండలేకపోయారు. వానాకాలంలో వాగులు పొంగితే బడికి తాళమే. ఉన్నవాళ్లకూ పిల్లల మాట అర్థమయ్యేది కాదు. కోయ భాషలో 'ఏరు' అంటే నీళ్లు. ఒకటో తరగతి పిల్లవాడు దాహమేసి 'ఏరు' అంటే, ఏటికి పోతానంటున్నాడేమోనని టీచరు కూర్చోబెట్టేవారు. మాలో చాలామందిమి అలా కూర్చున్నవాళ్లమే.

1986 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 275వ నంబరు జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నది. 1989లో పరిపాలనా ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్లిన ప్రభుత్వం 1998లో అప్పీలును వెనక్కి తీసుకుంది. తర్వాత 2000 జనవరి 10న మూడో నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకు, అందులో మూడో వంతు మహిళలకు ఇవ్వాలన్నది దాని సారాంశం. తాము గానీ తమ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఉంటున్నవాళ్లే స్థానికులన్న నిబంధన పెట్టారు. దీన్నీ ట్రిబ్యునల్ కొట్టేసింది. 2001లో హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో నిలబెట్టింది. మేము ఉద్యోగాల్లో చేరింది ఆ తర్వాతే.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2016లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ రోజుల్లో, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో తీర్పు వచ్చింది. జీవో చెల్లదన్నారు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మమ్మల్ని తీసేయలేదు. కానీ ఇకముందు రిజర్వేషన్లు యాభై శాతం పరిమితి దాటకూడదని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు షరతు పెట్టారు. అంటే తలుపు మా వెనకే మూసుకుంది. మూసాపేట గదిలోని పిల్లలు బయట నిలబడిపోయారు.

కోర్టు చెప్పిన కారణాలు మన యువత తెలుసుకోవాలి. కోపం ఒక్కటే సరిపోదు. ఐదో షెడ్యూలులో ఐదో పేరా ముఖ్యమైనది. అందులో మొదటి భాగం కింద, పార్లమెంటు గానీ శాసనసభ గానీ చేసిన చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. మూడో నంబరు జీవో ఈ భాగం కింద వచ్చింది. ఈ అధికారంతో కొత్త చట్టం చేసినట్టు చేయడం కుదరదని, ప్రాథమిక హక్కులను దాటడం అసలే కుదరదని కోర్టు అన్నది. నూటికి నూరు శాతం అంటే మిగతా అందరికీ అవకాశం లేకుండా చేయడమే కాబట్టి సమానత్వానికి విరుద్ధమన్నది. 1950 నాటి నివాస నిబంధన సహేతుకం కాదన్నది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న ఆలోచననే తప్పుబట్టింది.

ఐదో పేరా రెండో భాగం వేరు. దాని కింద గవర్నరు రెగ్యులేషన్ చేయవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. మన భూములను కాపాడే 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని గట్టిపరచిన 1970 నాటి సవరణ, అంటే మనమందరం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునేది, ఆ దారిలో వచ్చినవే. వాటినీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో అవి నిలబడ్డాయి.

అయితే రెగ్యులేషన్ తెస్తే చాలు, అంతా తిరిగి వస్తుందని మేము చెప్పడం లేదు. నూరు శాతం మీద కోర్టు చెప్పిన అభ్యంతరం అప్పుడూ ఎదురవుతుంది. 2022 సెప్టెంబరు 30న తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవోతో గిరిజన రిజర్వేషన్లను ఆరు నుంచి పది శాతానికి పెంచింది. అది మంచిదే. కానీ అది రాష్ట్రమంతటికీ వర్తించేది. గూడెం బడికి గూడెం భాష తెలిసిన టీచరు వస్తారన్న హామీ అందులో లేదు.

ఇక్కడ మా వైపు పొరపాటు కూడా ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లు మూడో నంబరు జీవోను మేము ఉద్యోగాల జీవోగానే చూశాం. సభల్లో పోస్టుల సంఖ్య మాట్లాడాం, పిల్లల భాష గురించి తక్కువ మాట్లాడాం. మాలో కొందరు కోయ టీచర్లయి ఉండి కూడా తరగతిలో కోయ మాట్లాడటానికి సిగ్గుపడ్డారు. కొందరు మైదానం పట్టణాల్లో ఇళ్లు కట్టుకుని బడికి రాకపోకలు సాగించారు. ఇవి ఎదుటివారి వాదనకు బలమయ్యాయి.

నిజానికి మన వాదనకు మూలం పిల్లల హక్కు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా, వీలైనంత మేరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. గోండి, కోయ, కొలామీ మాట్లాడే పిల్లలున్న బడిలో ఒకటి రెండు తరగతుల టీచరుకు ఆ భాష రావాలన్నది అర్హత కావాలి. అది పుట్టుకను అడగదు, పనికి అవసరమైనదాన్ని అడుగుతుంది. ఆ అర్హత ఎక్కువమందికి ఉండేది మన యువతలోనే. దీన్ని గిరిజన సలహా మండలి ముందు పెట్టి, రెగ్యులేషన్‌గా తేవాలని అడగడం మాకు కనిపిస్తున్న దారి. కోర్టులో నిలబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అయినా పోస్టుల లెక్క ఒక్కటే పట్టుకుని అడగడం కన్నా ఇది గట్టి నేల.

దీనికి రుజువులు కావాలి. అవి మనమే తయారుచేయాలి. టీచర్లు తమ బడిలో ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారో, ఆ భాష వచ్చిన టీచర్లు ఎందరున్నారో రాసిపెట్టాలి. యువకులు ఆ లెక్కను గ్రామసభలో చదివి తీర్మానం చేయించాలి. ఒక గూడెం తీర్మానాన్ని పక్కన పెట్టవచ్చు. అన్ని మండలాల నుంచి వస్తే పక్కన పెట్టడం కష్టం.

ఇదంతా విన్నాక ఆ కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. నైట్ డ్యూటీకి టైమవుతోంది. యూనిఫాం తొడుక్కుంటూ, "మా బడి లెక్క నేను రాస్తాను సార్. వచ్చే నెల ఊరికొస్తున్నా" అన్నాడు. వాళ్ల బడిలో ఇప్పుడు ఒకటో తరగతికి కోయ వచ్చిన టీచరు లేరు. మొదటి తీర్మానం ఆ ఊరి నుంచే రావాలని మేము కోరుకుంటున్నాం.