ఎర్ర చుక్కను నిలబెట్టిన స్క్రూలు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తరాలుగా పనిచేస్తున్న మన తెలుగు ఫిట్టర్లకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. అదిరే భాగానికి బోల్టు ఉత్తినే బిగించి వదిలేస్తే అది ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది. పోటీ షూటింగులో వాడే ‘ఆప్టిక్స్ రెడీ’ పిస్తోలు కథలో సగం ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది. పిస్తోలు మీద చిన్న అద్దం, అందులో వెలిగే ఎర్ర చుక్క. ఆ చుక్కను గురి మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. చూసేవాళ్లకు ఇది మొన్నమొన్న వచ్చిన ఎలక్ట్రానిక్ వింతలా కనిపిస్తుంది కానీ, అందులోని కిటుకు 1900 నాటిది. అది కనిపెట్టాక ఫ్యాక్టరీ పిస్తోళ్ల మీద కుదురుగా కూర్చోవడానికి మరో నూరేళ్లు పైగా పట్టింది.

అసలు ఇలాంటిది ఎందుకు కావలసి వచ్చిందో ముందు చూద్దాం. మామూలు పిస్తోలుకు వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మ ఉంటాయి. గాడి మధ్యలో దిమ్మ, దిమ్మ పైన గురి, మూడూ ఒకే వరసలో కుదరాలి. మన కన్నేమో ఒకసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూపగలదు. అందుకే కోచ్‌లు ముందు దిమ్మను చూడు, గురి మసకబారినా ఫరవాలేదు అంటారు. ఇక తేడా ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూడండి. రెండు సైట్ల మధ్య 16 సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, వరసలో ఒక్క మిల్లీమీటరు తప్పినా 25 మీటర్ల దూరంలో గుండు 15 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. 25 మీటర్ల పిస్టల్ పోటీ ప్రెసిషన్ దశలో పది పాయింట్ల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లే. నలభై దాటి చత్వారం వచ్చినవారికి ఆ ముందు దిమ్మ కూడా అలుక్కుపోతుంది.

ఈ చిక్కుముడి విప్పినవాడు తుపాకుల మనిషి కాదు, టెలిస్కోపుల మనిషి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్. ఆయన పేరు హైదరాబాదుకు కొత్తదేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించుకుని నిజామియా వేధశాలకు పునాది వేసిన 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ కంపెనీదే. తర్వాత ఆ వేధశాల నిజాం ప్రభుత్వం చేతికీ, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికీ వచ్చింది. అదే గ్రబ్ 1900లో తుపాకులకు ఒక కొత్త సైటు మీద పేటెంటు తీసుకున్నాడు.

ఆయన ఆలోచన ఇది. కటకానికి సరిగ్గా నాభి దగ్గర ఒక గుర్తు పెడితే, దాని నుంచి వచ్చే కిరణాలు కటకం దాటాక సమాంతరంగా సాగుతాయి. వాటిని ఏటవాలుగా పెట్టిన గాజు మీద పడనిచ్చి కంటివైపు తిప్పితే, ఆ గుర్తు గాజులో కాక ఎక్కడో అనంతదూరంలో, గురి మీదే తేలుతున్నట్టు కనిపిస్తుంది. కన్ను కాస్త అటూ ఇటూ కదిలినా గుర్తు గురిని వదలదు. గాడి, దిమ్మ, గురి అనే మూడింటి పంచాయితీ తీరిపోయింది. కన్ను గురినే చూస్తుంది, గుర్తు కూడా అక్కడే ఉంటుంది.

ఆలోచన బాగుంది, దాన్ని వెలిగించే దీపమే లేదు. బయటి వెలుతురు మీద ఆధారపడితే చీకట్లో గుర్తు కనిపించదు. బల్బు పెడితే దానికి కరెంటు కావాలి, సైటు బరువెక్కుతుంది. అందుకని ఈ సైటు ముందు చేతి తుపాకుల మీదికి రాలేదు, విమానాలెక్కింది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో జర్మన్లు తమ ఫైటర్ విమానాల్లో దీన్ని వాడిచూశారు. రెండో ప్రపంచయుద్ధం నాటికి దాదాపు అన్ని దేశాల ఫైటర్ల పైలట్ల ముందూ ఇలాంటి అద్దమే ఉండేది. విమానంలో కరెంటుకూ చోటుకూ కొరత లేదు మరి.

దీపం సమస్య 1962లో తీరడం మొదలైంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీ తయారుచేశాడు. అది చాలా చిన్నది, వేడెక్కదు, చిటికెడు కరెంటుతో వెలుగుతుంది. దీన్ని గ్రబ్ ఆలోచనతో జత కలిపి మార్కెట్లోకి తెచ్చింది స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ కంపెనీ. 1975లో వచ్చిన ‘ఎయిమ్‌పాయింట్ ఎలక్ట్రానిక్’ను ముందుగా మెచ్చుకున్నవారు వేటగాళ్లు. పొదల్లోంచి పరిగెత్తే జంతువును రెండు కళ్లూ తెరిచి గురిచూడగలగడం వాళ్లకు గొప్ప సౌకర్యం.

సరిగ్గా ఆ రోజుల్లోనే పిస్తోలు షూటింగు కొత్త దారి పట్టింది. 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం కొలంబియాలో ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది, జెఫ్ కూపర్ తొలి అధ్యక్షుడు. ఇక్కడ నిలబడి నింపాదిగా కాల్చడం ఉండదు. పరిగెత్తాలి, వంగాలి, ఒక గురి నుంచి ఇంకో గురికి మారాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. అంటే గురి ఎంత ముఖ్యమో వేగమూ అంతే ముఖ్యం. ఇలాంటి ఆటలో ఎర్ర చుక్క విలువ ఏమిటో 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో తేలింది. అక్కడ జరిగిన ప్రపంచ పోటీలో డగ్ కోనిగ్ రెడ్ డాట్ సైటుతో విజేతగా నిలిచాడు. ఆ సైటుతో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటివాడు అతనే. దాంతో ఇనుప సైట్లవాళ్లను చుక్కవాళ్లతో కలిపి పోటీ పెట్టడం న్యాయమేనా అన్న వాదన లేచింది. చివరకు పోటీలను వేర్వేరు విభాగాలుగా చీల్చారు.

అయితే ఆనాటి పోటీ పిస్తోలు దుకాణంలో దొరికే సరుకు కాదు. సైటు పెద్ద గొట్టంలా ఉండేది. దాన్ని పిస్తోలు పైభాగమైన స్లైడ్ మీద పెట్టే వీలు లేదు. కాల్చిన ప్రతిసారీ స్లైడ్ రెప్పపాటులో వెనక్కి దూసుకెళ్లి, ఆగి, మళ్లీ ముందుకు వచ్చి గుద్దుకుంటుంది. ఆ కుదుపుకు లోపలి తీగెలూ అద్దాలూ తట్టుకోలేవు. అందుకని కదలని ఫ్రేముకు పక్కనుంచి ఒక పట్టీ బిగించి, స్లైడ్‌కు తగలకుండా పైన సైటు నిలిపేవారు. పిస్తోలు బరువెక్కేది, ఒరలో పట్టేది కాదు, ఖర్చు తడిసిమోపెడయ్యేది.

1990లలో బొటనవేలంత సైట్లు వచ్చాయి. గొట్టం పోయి ఒక్క అద్దం మిగిలింది. దాని నాభి దగ్గర ఎల్‌ఈడీ, అద్దం మీద ఎర్రని కాంతిని మాత్రమే వెనక్కి తిప్పే పూత. ట్రిజికాన్ కంపెనీ 2009లో తెచ్చిన ఆర్‌ఎంఆర్ లాంటివి స్లైడ్ కుదుపును భరించి నిలబడ్డాయి. ఇక పని తుపాకుల మిస్త్రీల చేతికి వచ్చింది. స్లైడ్‌ను మిల్లింగ్ యంత్రం మీద పెట్టి, సైటు అడుగుకు సరిపడా గుంట తొలిచి, రెండు స్క్రూలతో బిగించేవారు. మనిషి మనిషికీ పనితనం మారేది.

2015లో గ్లాక్ కంపెనీ ఎంఓఎస్ పేరుతో ఫ్యాక్టరీలోనే గుంట తొలిచిన పిస్తోళ్లు తెచ్చింది. పెట్టెలో నాలుగు రకాల ప్లేట్లు ఇచ్చి, మీ సైటుకు నప్పేది బిగించుకోండి అంది. అంతకు ముందే ఒకటిరెండు కంపెనీలు ఇలాంటి ప్రయత్నం చేశాయి. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ సావర్ ఎం17 స్లైడ్ మీద కూడా సైటుకు చోటు విడిచారు. ఫ్యాక్టరీ పిస్తోలుకు చుక్క పెట్టి పోటీపడేవారికి పోటీల్లో ప్రత్యేక విభాగాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. ‘ఆప్టిక్స్ రెడీ’ అంటే కంపెనీలు సైటు పెట్టి అమ్ముతున్నాయని కాదు, చోటు సిద్ధంగా ఉంచాయని.

చిక్కంతా ఆ చోటులోనే ఉంది. ఒక్కో సైటు కంపెనీ అడుగుభాగం కొలత ఒక్కో రకం. బ్రాడ్‌గేజి బోగీని ఒకప్పటి నౌపడా–గుణుపురం చిన్న పట్టాల మీద నడపలేనట్టే, ఒకరి సైటు ఇంకొకరి గుంటలో కూర్చోదు. మధ్యలో ప్లేటు పెడితే కూర్చుంటుంది కానీ, బిగింపులు రెండవుతాయి, వదులయ్యే చోట్లూ రెండవుతాయి. స్లైడ్ వెనక్కి దూకేటప్పుడు సైటు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ అడ్డ తోపుడంతా స్క్రూల మీద పడితే అవి వదులవుతాయి, లేదా తెగుతాయి. పక్కనుంచి వచ్చే తోపుడును డోవెల్ పిన్ భరించాలి, బోల్టు పట్టి ఉంచాలి అని వర్క్‌షాపులో చెప్పే సూత్రమే ఇక్కడా మందు. మంచి గుంటలో సైటు అడుగు రంధ్రాల్లోకి దూరే గట్టి దిమ్మలు ఉంటాయి. తోపుడు వాటి మీద పడితే స్క్రూలు చల్లగా ఉంటాయి. ఎయిమ్‌పాయింట్ 2019లో తెచ్చిన ఆక్రోలో పైనుంచి దిగే స్క్రూలనే తీసేసి, పక్కల నుంచి బిగించే పట్టు పెట్టారు.

కాబట్టి ఇలాంటి పిస్తోలును పరీక్షించేటప్పుడు చుక్క ఎంత మెరుస్తోందో చూడటం ఆఖరి పని. మొదట గుంట చూడాలి. సైటు నేరుగా కూర్చుంటుందా, ప్లేటు కావాలా, దిమ్మలు బిగువుగా పడుతున్నాయా? తర్వాత స్క్రూలు. నూనె తుడిచి, మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు (థ్రెడ్‌లాకర్) రాసి, తయారీదారు చెప్పినంతే టార్క్ రెంచితో బిగించి, స్క్రూ తల మీదుగా రంగు గీత గీయాలి. గీత తప్పిందంటే స్క్రూ కదిలినట్టే. ఆపైన 25 మీటర్ల దగ్గర చేతులు ఆనించి ఐదు గుళ్లు కాల్చి వాటి నడిమధ్యను గుర్తుపెట్టుకోవాలి. కొన్ని వందలు కాల్చాక మళ్లీ అదే పరీక్ష చేయాలి. గుళ్లు చెదిరితే అది బారెల్‌దో చేతిదో తప్పు కావచ్చు. గుంపు చెదరకుండానే మొత్తంగా పక్కకు జరిగితే మాత్రం బిగింపును అనుమానించాలి.

చుక్క సైజు సంగతి కూడా లెక్కతోనే తేల్చుకోవచ్చు. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 3 ఎంఓఏ చుక్క 25 మీటర్ల దగ్గర దాదాపు 2.2 సెంటీమీటర్లను కప్పుతుంది, 6 ఎంఓఏ అయితే దానికి రెట్టింపు. నింపాదిగా గురిచూసే పోటీకి చిన్నది, పరుగు పోటీకి పెద్దది నయం. సైటు బరువుతో స్లైడ్ మందగించి తూటాలు ఇరుక్కుంటున్నాయేమో చూడాలి. ఖరగ్‌పూర్ వానాకాలం లాంటి చెమ్మలో తెరిచి ఉన్న ఎల్‌ఈడీ మీద ఒక్క నీటిబొట్టు పడితే చుక్క చెదిరిపోతుంది. అన్నివైపులా మూసి ఉన్న సైటుకు ఆ బాధ లేదు. కొత్తవారు ఒరలోంచి పిస్తోలు ఎత్తగానే అద్దంలో చుక్క కనిపించక వెతుక్కుంటారు. అది సైటు లోపం కాదు, మణికట్టుకు ఇంకా అలవాటు కాలేదంతే.

ఇదంతా చదివి ఖరగ్‌పూర్ కుర్రాళ్లు ఉబలాటపడితే మన దేశపు సంగతి కూడా చెప్పాలి. ఈ పిస్తోళ్లలో ఎక్కువ భాగం 9 ఎంఎం. మన చట్టం ప్రకారం మామూలు లైసెన్సుకు అది నిషిద్ధ బోరు. పైగా ఒలింపిక్స్ షూటింగు నడిచే ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల్లో పిస్తోలుకు తెరిచిన సైట్లే ఉండాలి, ఎలక్ట్రానిక్ చుక్క నిషేధం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది ఆ పాత గాడి, దిమ్మలతోనే.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు బెంగాల్ నాగపూర్ రైల్వే కింద ఉన్న కాలంలో ఆ కంపెనీకి సొంత వాలంటీరు బెటాలియనే ఉండేది. అందులో చోటు యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ. వర్క్‌షాపు తెలుగువాడికి తుపాకీ అందేది కాదు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. 20 జౌల్‌ల శక్తి దాటని .177 ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సే అక్కర్లేదు. క్రికెటర్ ధోనీ ఒకప్పుడు రైల్వే ఉద్యోగిగా టికెట్లు తనిఖీ చేసిన ఊరు ఇది. అప్పటికి అదే ఉద్యోగంలో ఉన్న సెంట్రల్ రైల్వే షూటర్ స్వప్నిల్ కుసాలే 2024లో పారిస్ నుంచి రైఫిల్ కాంస్యం తెచ్చాడు. కాబట్టి మీ పిల్లలకు గురి మీద మనసుంటే చుక్క కోసం ఎదురుచూడకండి. కోచ్ ఉన్న క్లబ్బులో చేర్పించి, పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో, గాడి–దిమ్మ సైట్లతో మొదలుపెట్టించండి.