రేడియో నియంత్రిత హైడ్రోప్లేన్ నమూనా పడవ

హైడ్రోప్లేన్ అనునది నీటిని చీల్చుకొని పోక, నీటిపై జారుతూ పరుగెత్తే పందెపు పడవ. దీనిని నిర్ణీత నిష్పత్తిలో కుదించి, ఒడ్డు నుండి రేడియో సంకేతాలతో నడుపుటకు తయారుచేసిన పడవయే ఈ నమూనా. 30 అడుగుల పడవకు 1/8 నమూనా పొడవు 45 అంగుళాలు.

నేపథ్యము

1950 జూన్ 26న అమెరికాలోని సియాటిల్ వద్ద వాషింగ్టన్ సరస్సులో స్లో-మో-షన్ 4 అనే పడవ గంటకు 160.323 మైళ్ళ వేగముతో రికార్డు నెలకొల్పినది. నమూనాలు చేయువారు అనుసరించునది ఈ తరహా రూపమునే.

పనిచేయు విధానము

ముందు భాగమున ఇరువైపులా స్పాన్సన్లు అను రెండు తేలు భాగములుండును. పూర్తి వేగములో ఈ రెండూ, వెనుక సగము మునిగిన ప్రొపెల్లరూ మాత్రమే నీటిని తాకును. మిగిలిన అడుగుభాగము క్రిందకు దూరిన గాలి పడవను ఎత్తిపట్టును. ఆ గాలి ఎక్కువైనచో పడవ వెనుకకు పల్టీ కొట్టును. బరువు మరీ ముందుకు జరిగినచో ముక్కు నీటిలో గుచ్చుకొనును. అందువలన బ్యాటరీని కొద్దికొద్దిగా జరిపి గురుత్వ కేంద్రమును సరిచూచుట మొదటి పాఠము. అసలు పడవలు పందెములో ఎడమకు తిరుగగా, నమూనాలు సాధారణముగా కుడికి తిరుగును. కనుక మలుపులో జారకుండా ఆపు రెక్క కుడి స్పాన్సనుకు ఉండును.

ఆరంభకులకు

విద్యుత్ మోటారుతో నడిచే సిద్ధ నమూనాతో మొదలిడుట మేలు. 2.4 గిగాహెర్ట్జ్ రిమోటుకు సంకేతము తెగినపుడు మోటారు ఆగు ఏర్పాటు తప్పక ఉండవలెను. దీనిని ఒడ్డుననే పరీక్షించవలెను. బ్యాటరీ కలిపిన తరువాత ప్రొపెల్లరు దగ్గర చేయి పెట్టరాదు; దాని అంచులు కత్తివలె పదునుగా నుండును.

జలాశయము ఎంపిక

మోటారు శక్తికన్న ముందుగా ఆలోచించవలసినది పడవ నడినీటిలో ఆగిపోయినచో దానిని తెచ్చు మార్గము. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో నీటికి కొదువ లేదు. కాని గద్వాల సమీపమున కృష్ణానదిపై గల జూరాల వంటి ప్రాజెక్టు ఈ క్రీడకు అనువైనది కాదు. గేట్లు తెరచినపుడు ప్రవాహము మారును, గాలికి అలలు లేచును. నాగర్‌కర్నూల్‌లోని కేసరి సముద్రము వంటి చెరువులలో నిలకడైన నీరు దొరకును. అక్కడ కూడా తూము, మత్తడి దరికి పోరాదు. చేపల వలలు, నాచు, గుర్రపుడెక్క ప్రొపెల్లరుకు చుట్టుకొనును. మత్స్యకారులను అడిగి, వలలు లేని చోటును, ఈతగాళ్ళు లేని వేళను ఎంచుకొనవలెను.

ఆగిన పడవ కొరకు ఈదుట ప్రమాదకరము. గాలము కర్ర దారమునకు టెన్నిస్ బంతి కట్టి, పడవకు అవతల విసరి లాగుట సులభమైన ఉపాయము. దూరమైనచో మత్స్యకారుల పుట్టి అవసరమగును. పుట్టి నిలకడ నీటిలో చక్కగా తేలును గాని ప్రవాహములో అదుపు తప్పును. 2020 ఆగస్టులో కృష్ణానదిలో, తెలంగాణ-కర్ణాటక సరిహద్దున పుట్టి బోల్తాపడి నలుగురు గల్లంతయ్యారు. నమూనా కొరకైనను లైఫ్ జాకెట్ లేక పుట్టి ఎక్కరాదు. గాలి ఒడ్డు వైపు వీచునట్లు నిలబడి నడిపినచో, ఆగిన పడవ చాలావరకు తనంతట తానే దరికి చేరును.