బండిలో రెండో బ్యాటరీ

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులతో, మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగల బ్యాటరీని తయారుచేశాడు. పెట్రోలు కారులో దానికి అసలు పని దొరికింది మాత్రం 1912లో, అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను కాడిలాక్ కార్లకు అమర్చినప్పుడు. ఇంజన్‌ను కదిలించే ఆ పని క్షణాల్లో అయిపోతుంది గానీ, వందల ఆంపియర్లు ఒక్కసారిగా కావాలి. అందుకే స్టార్టర్ బ్యాటరీలో పలుచని ప్లేట్లను ఎక్కువగా పేరుస్తారు. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో పడుకోడానికి, వండుకోడానికి ఏర్పాట్లు చేయడం మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి బళ్లలోకి దీపాలు, నీటి పంపులు, ఫ్రిజ్‌లు చేరాయి. ఇవి అడిగేది కొద్ది ఆంపియర్లే, కానీ రాత్రంతా. పలుచని ప్లేట్లను పదేపదే అలా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. రెండో బ్యాటరీ పుట్టింది ఈ వైరుధ్యం నుంచే, హంగు కోసం కాదు. కాబట్టి ఎంపికలో సామర్థ్యం కన్నా ముందు చూడాల్సింది రెండింటినీ ఎలా విడదీస్తాం, రెండోదాన్ని ఎలా నింపుతాం అన్నదే.

ఒకే పెద్ద బ్యాటరీ చాలదా అంటారు. రాత్రి ఫ్రిజ్ దాన్ని పీల్చేస్తే తెల్లారి ఇంజన్ కదలదు. ఊరికి దూరంగా అది ప్రాణాల మీదికొచ్చే సంగతి. 1997లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం వెల్లడించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే బ్యాటరీ పదార్థంతో పాత లెక్కలన్నీ చెల్లిపోయాయన్నది మరో వాదన. అందులో సగమే నిజం. సీసపు బ్యాటరీలో సగం వాడుకోవడమే క్షేమం, లిథియంలో 80 శాతానికి పైగా వాడుకోవచ్చు. కానీ అది ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంత కరెంటూ లాగి దాన్ని వేడెక్కిస్తుంది. గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే తానే దెబ్బతింటుంది. ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలను కలిపే పాత రిలే స్థానంలోకి డీసీ-డీసీ చార్జర్ రావడానికి, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ప్రవాహానికి హద్దు పెట్టడం ఒక ముఖ్య కారణం.